ఎండుమిరపకాయ లోపలికి

మార్చి నెల, మధ్యాహ్నం రెండు దాటింది. సత్తెనపల్లి నుంచి అచ్చంపేట పోయే రోడ్డు పక్కన, ఇళ్లు అయిపోయి చేలు మొదలయ్యే చోట కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బండి దిగి నాలుగడుగులు వేయకముందే ఘాటు ముక్కుకెక్కింది. ఒక తుమ్ము, వెనకే దగ్గు. రాశి దగ్గర కూర్చున్న ఆడవాళ్లు తలెత్తి మిమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారు. ముక్కుకు అడ్డంగా తువ్వాళ్లు కట్టుకున్నారు గానీ, ఆ ఘాటు వాళ్లకు పట్టడం మానేసి ఏళ్లయింది.

పని ఆగదు. ఎడమ చేత్తో దోసెడు కాయ ముందుకు లాగడం, కుడి చేత్తో తాలుకాయ ఏరి పక్కకు విసరడం. రంగు పోయి తెల్లబారింది తాలు. నిగనిగలాడే ఎరుపు మంచికాయ. అవతల చెట్టు కింద ఇద్దరు గోతాలు నింపుతున్నారు. ఒకడు గోతంలోకి దిగి కాళ్లతో తొక్కుతుంటే ఇంకొకడు పైనుంచి కాయ పోస్తున్నాడు. నిండిన టిక్కీ నలభై కిలోలు తూగుతుంది. సాయంత్రానికి బండెక్కి గుంటూరు యార్డుకు పోవాలి.

ఒక కాయ తీసి అరచేతిలో పెట్టుకోండి. తొడిమతో కలిపి గ్రాము ఉంటుందేమో. ఒకటి, రెండు అని నెమ్మదిగా లెక్కపెట్టండి. మీరు రెండు అనేలోపు ఆ కాయలో ఒక పొటాషియం పరమాణువు కాల్షియంగా మారిపోయి ఉంటుంది. ఇంకో రెండు లెక్కపెట్టేలోపు ఇంకొకటి. పుప్పొడి రాలినప్పటి నుంచీ ఇలాగే జరుగుతోంది, రేపు మీ ఇంట్లో పచ్చడిలో పడ్డాకా ఇలాగే జరుగుతుంది.

కంగారు పడి కాయ కింద పడేయకండి. మీ ఒంట్లో ఉన్న పొటాషియంలో సెకనుకు నాలుగు వేలకు పైగా ఇవే మార్పులు జరుగుతున్నాయి. దాని ముందు ఈ కాయ ఏపాటి!

ఈ పొటాషియం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే పక్కనున్న రేకుల కొట్టంలోకి రండి. గోడవారగా సగం ఖాళీ అయిన పొటాష్ బస్తా ఉంది. ఇటుకపొడి రంగులో, ముట్టుకుంటే చేతికి అంటుకునే పలుకులు. విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ సెలవులకు వచ్చిన ఆసామి మేనల్లుడు ఒక చిన్న గైగర్ కౌంటర్ పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కొట్టం బయట అది ఎప్పుడో ఒకసారి టిక్కుమంటుంది. బస్తాకు ఆనిస్తే టిక్కులు దగ్గర దగ్గరగా పడుతున్నాయి.

"ఏందిరా అది, ఎరువులో ఏమన్నా కల్తీ ఉందా?" అని గుమ్మంలోంచి అత్త అడుగుతుంది.

"కల్తీ ఏం లేదత్తా. అసలు సరుకే అంత."

అతను చెప్పింది నిజం. ఏభై కిలోల పొటాష్ బస్తాలో పాతిక కిలోల దాకా పొటాషియం ఉంటుంది. ప్రకృతిలో దొరికే పొటాషియంలో ప్రతి 10 వేల పరమాణువుల్లో ఒకటి కంటే కాస్త ఎక్కువ పొటాషియం-40 అనే ఐసోటోపు. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 విచ్ఛిన్నాలు. ఆ లెక్కన బస్తాలో సెకనుకు ఏడు లక్షలకు పైనే. ఆ కౌంటర్‌ను మిరపరాశి మీద పెడితే మాత్రం తేడా పెద్దగా తెలియదు. కాయలో పొటాషియం వందకు రెండు వంతుల లోపు. పైగా కాయలో పుట్టిన ఎలక్ట్రాన్లలో చాలామటుకు కాయల్లోనే ఆగిపోతాయి.

మనదేశానికి ఈ పొటాష్ విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. నల్లరేగడిలో పడి, సాగర్ కుడికాలువ నీళ్లలో కరిగి, వేళ్ల గుండా కాయలోకి ఎక్కింది. దాని అసలు పుట్టుక అంతకన్నా పాతది. సూర్యుడికంటే ముందున్న నక్షత్రాల్లో తయారైన కేంద్రకం ఇది. దీని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. భూమి ఏర్పడి 450 కోట్ల ఏళ్లు దాటింది గనక మొదట ఉన్నదాంట్లో ఎనిమిది శాతం మాత్రం మిగిలింది. మీ అరచేతిలోని కాయలో ఇంకా సుమారు 36 వేల లక్షల కోట్ల పొటాషియం-40 పరమాణువులున్నాయి. వాటిలో రెండు సెకన్లకు ఒకటి పోతోంది, మిగతావన్నీ కూర్చునే ఉన్నాయి. ఇంత ఆలస్యం ఎందుకు? ఇందులో ఎవరూ కంటితో చూసింది ఏమీ లేదు. కాగితం మీద లెక్క కట్టి, కొలతతో సరిచూసుకుని, తప్పితే మళ్లీ కట్టిన లెక్కలే మనకున్న దారి. ఆ దారిలోనే లోపలికి పోదాం.

మొదట పైతోలు, మైనపు పొర. తర్వాత ఎండి ముడుచుకుపోయిన కణాల గోడలు. ఇంకా లోపలికి, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పొటాషియం అయాన్ దగ్గరికి వచ్చారు. ఇప్పుడు కొలత కోసం చేతిలోని కాయ చిదిపి ఒక గింజ తీసి కల్లం నడుమ పెట్టండి. ఆ గింజే కేంద్రకం అనుకుంటే, ఈ అయాన్ అంచు దానికి అరవై మీటర్ల అవతల, బండి ఆపుకున్న రోడ్డు దగ్గర ఉంటుంది. ఈ మధ్యలో ఉన్నవి 18 ఎలక్ట్రాన్లు. కాయ రంగూ, రుచీ, ఘాటూ, అంటే రసాయనశాస్త్రం అంతా, ఈ ఎలక్ట్రాన్ల వ్యవహారం. మనకు వాటితో పనిలేదు. దాటుకుని గింజ దాకా వెళ్దాం.

ఇక్కడ ఒక మాట. పల్నాటి పడమటి అంచున నాగార్జునకొండ ఉంది కాబట్టి, పరమాణువులో ఖాళీ అనగానే ఎవరో ఒకరు శూన్యవాదం ఎత్తుతారు. నేను ఎత్తను. ఆచార్య నాగార్జునుడి వాదం వేరు, ఈ లెక్క వేరు. రెండింటినీ ముడివేస్తే రెండింటికీ అన్యాయం.

కేంద్రకం వచ్చింది. దీని వ్యాసార్థం నాలుగు ఫెమ్టోమీటర్లు. మీటరును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోమీటరు. లోపల 19 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు కిక్కిరిసి ఉన్నాయి. బడి పుస్తకాల్లో దీన్ని ఎర్ర, నీలం గోలీల ముద్దలా వేస్తారు. ఆ బొమ్మ చేసినంత చెరుపు ఇంకేదీ చేయలేదని నా అభిప్రాయం. నిజంగా గోలీల ముద్దే అయితే ఒకదానికొకటి గుద్దుకుంటూ అంతా గజిబిజిగా ఉండాలి. మీరు నిలబడ్డ చోట అలా లేదు. ప్రతి ప్రోటానూ, ప్రతి న్యూట్రానూ తనకు కేటాయించిన స్థితిలో, మిగతావన్నీ కలిసి ఏర్పరచిన ఉమ్మడి ఆకర్షణలో, దాదాపు స్వతంత్రంగా తిరుగుతోంది. గుద్దుకుంటే ఏదో ఒకటి వేరే స్థితిలోకి ఎగరాలి. దగ్గరి స్థితులన్నీ అప్పటికే నిండి ఉన్నాయి, ఒకే స్థితిలో రెండు ఇమడవని పౌలీ సూత్రం. పోవడానికి చోటు లేక గుద్దుకోవడమే ఆగిపోయింది. ఇంత ఇరుకులో ఇంత స్వేచ్ఛ!

ఈ స్థితుల గుంపులను షెల్స్, అంటే అరలు అంటారు. 2, 8, 20, 28, 50, 82, 126 అనే సంఖ్యల దగ్గర కేంద్రకాలు గట్టిగా ఉంటాయని కొలతలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. షికాగోలో మరియా గెప్పర్ట్ మేయర్ ఈ సంఖ్యలతో కుస్తీ పడుతుంటే, స్పిన్‌కూ కక్ష్యకూ లంకె ఉన్నట్టు ఏమైనా ఆనవాలుందా అని ఎన్రికో ఫెర్మీ ఒక ప్రశ్న వేశారట. ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకు మొత్తం విడిపోయింది. జర్మనీలో యెన్సెన్ బృందం కూడా విడిగా అదే చోటికి చేరింది. అది 1949. 1963లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మన పొటాషియంలో ఆ అరలు చూడండి. న్యూట్రాన్ల వైపు 20 నిండిపోయి, 21వది ఒంటరిగా పై అరలో ఉంది. ప్రోటాన్ల వైపు 19. 20 నిండడానికి ఒక్కటి తక్కువ, ఒక ఖాళీ. అంటే ఇటు ఒకటి ఎక్కువ, అటు ఒకటి తక్కువ. ఆ ఎక్కువైన న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఆ ఖాళీలో కూర్చుంటే 20, 20. రెండు వైపులా నిండిన కాల్షియం-40, ప్రకృతిలో అతి గట్టి కేంద్రకాల్లో ఒకటి. పోతే 13 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కూడా మిగులుతుంది. అన్నీ అనుకూలంగానే ఉన్నాయి. అయినా కదలదు.

దానికి కారణం ఆ ఒంటరి న్యూట్రాన్, ఆ ప్రోటాన్ ఖాళీ ఒకదానితో ఒకటి ఎలా జతకడతాయన్నదాంట్లో ఉంది. న్యూట్రాన్ కోణీయ ద్రవ్యవేగం ఏడు అర్ధాలు, ఖాళీది మూడు అర్ధాలు. కలిపితే 2, 3, 4, 5లో ఏదైనా రావచ్చు. నాలుగు స్థితులు. ఏది అన్నిటికన్నా అడుగున ఉంటుంది?

దీనికి జవాబు చెప్పిన తీరు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టం. పొటాషియం పక్కనే క్లోరిన్-38 అని ఒకటుంది. అందులో 17 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు. అవే అరలు, అదే ఒంటరి న్యూట్రాన్. కాకపోతే ప్రోటాన్ల అరలో నాలుగింటికి మూడు కాకుండా ఒక్కటే ఉంది. ఇక్కడ ఒక ప్రోటాన్, అక్కడ ఒక ఖాళీ. 1956లో మన దేశపు భౌతికశాస్త్రవేత్త సుధీర్ పాండ్యా ఈ రెంటికీ మధ్య ఒక సమీకరణం రాశారు. క్లోరిన్‌లో కొలిచిన నాలుగు శక్తులు ఇస్తే చాలు, పొటాషియంలో నాలుగూ ఎక్కడుండాలో ఆ లెక్క చెప్పేస్తుంది. బలం స్వభావం ఏమిటో, దాని సూత్రం ఏమిటో తెలియనక్కర్లేదు. అదే ఏడాది గోల్డ్‌స్టీన్, టాల్మీ కూడా విడిగా అదే పని చేశారు. క్లోరిన్‌లో 2 అడుగున ఉంది, 4 అన్నిటికన్నా పైన ఉంది. లెక్క తిప్పితే పొటాషియంలో పైనున్న 4 అడుగుకు దిగింది! కొలిచి చూస్తే అడుగున 4, దానికి 30 వేల ఎలక్ట్రాన్ వోల్టుల పైన 3, ఇంకా చాలా పైన, 8 లక్షల దగ్గర 2, 8 లక్షల 90 వేల దగ్గర 5. లెక్కకూ కొలతకూ తేడా స్వల్పం. పాండ్యా తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి డైరెక్టర్‌గా పనిచేశారు. ఆయన పేరుతోనే ఆ సమీకరణాన్ని ఇవాళ్టికీ పిలుస్తారు. ఆ 4 సరిగ్గా మీ అరచేతిలోని మిరపకాయలో ఉంది.

ఎండ ఇంకా తగ్గలేదు. ఏరేవాళ్లలో ఒకామె నీళ్ల బిందె దగ్గరికి లేచింది. మీరు లోపలే ఉండండి, అసలు ఘట్టం ఇప్పుడు మొదలు.

కాల్షియం-40 కోణీయ ద్రవ్యవేగం సున్నా. పొటాషియంది 4. పోయేటప్పుడు ఆ 4 ఎవరో ఒకరు బయటికి మోసుకుపోవాలి. బయటికి పోయేవి రెండే: ఒక ఎలక్ట్రాన్, ఒక యాంటీన్యూట్రినో. ఈ రెండో దాని సంగతి తెలియక భౌతికశాస్త్రం పదహారేళ్లు తలపట్టుకుంది. 1914లో బెర్లిన్‌లో జేమ్స్ చాడ్విక్ బీటా కిరణాల శక్తిని కొలిచారు. ప్రతి విచ్ఛిన్నంలోనూ ఒకే శక్తి విడుదలైతే ప్రతి ఎలక్ట్రానూ ఒకే శక్తితో రావాలి కదా. అలా రాలేదు. సున్నా నుంచి గరిష్ఠం దాకా అన్ని శక్తులతోనూ వచ్చాయి. మిగతాది ఎటు పోయినట్టు? శక్తి నిత్యత్వ సూత్రాన్నే వదిలేద్దామా అన్నదాకా వెళ్లారు నీల్స్ బోర్. 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఒక ఉత్తరం రాసి, కంటికీ పరికరానికీ చిక్కని ఇంకో కణం ఆ శక్తిని పట్టుకుపోతోందేమో అన్నారు. 1934లో ఫెర్మీ దాన్ని సిద్ధాంతంగా కట్టారు: న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారే క్షణంలోనే ఎలక్ట్రానూ న్యూట్రినోవూ పుడతాయి, అంతకుముందు అవి కేంద్రకంలో లేనే లేవు. ఆ వ్యాసాన్ని 'నేచర్' పత్రిక మొదట తిప్పి పంపింది. ఆ పౌలీ కణాన్ని పరికరంలో పట్టుకోవడానికి 1956 దాకా పట్టింది.

ఈ బీటా కిరణాల చరిత్రలో మనవాడొకరు ఉన్నారు. పశ్చిమ గోదావరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు, హిమాలయాల్లో యోగసాధన చేశారు, జర్మనీ వెళ్లి యోగం మీద ఉపన్యాసాలిస్తూ ఆధునిక భౌతికశాస్త్రంలో పడిపోయారు. ప్రాగ్‌లో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ చదివి, లివర్‌పూల్‌లో అదే చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నెలకొల్పింది ఆయనే. కాషాయం కట్టుకుని కౌంటర్ల మధ్య తిరిగిన ఆ మనిషి గురించి మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఉన్నా బాగుండేది. కొట్టంలో కూర్చున్న కుర్రాడు చదివేది ఆయన మొదలుపెట్టిన చోటే.

మళ్లీ ఆ 4 దగ్గరికి వద్దాం. ఎలక్ట్రాన్‌కూ యాంటీన్యూట్రినోకూ తలా ఒక అర్ధ స్పిన్ ఉంది. రెండూ ఒకే దిక్కుకు తిరిగితే 1 వస్తుంది. మిగిలిన 3 తిరుగుడు రూపంలో, కక్ష్యా ద్రవ్యవేగంగా రావాలి. చిక్కంతా ఇక్కడే. ఈ శక్తి దగ్గర ఆ కణాల తరంగం కేంద్రకంకన్నా ఎన్నో రెట్లు పెద్దది. అంత పెద్ద తరంగం అంత చిన్న చోటు నుంచి తిరుగుతూ బయటపడడం దుర్లభం. స్థూలంగా, తిరుగుడులో ఒక్కో మెట్టుకు అవకాశం వెయ్యో వంతుకు పడిపోతుంది. మూడు మెట్లంటే వంద కోట్లలో ఒక వంతు. అందుకే 125 కోట్ల ఏళ్లు. పరిభాషలో దీన్ని నిషిద్ధ పరివర్తన అంటారు గానీ నిషేధం పూర్తిగా లేదు. పూర్తిగా ఉంటే ఈ కొట్టంలో కౌంటర్ ఇంత చప్పుడు చేసేది కాదు.

సిద్ధాంతం ఇంత దూరం చెబుతుంది. ఈ కాయలోని లక్షల కోట్ల కేంద్రకాల్లో తర్వాతి వంతు దేనిదో చెప్పదు. చెప్పలేకపోవడం లెక్కలో లోటు కాదని, ప్రకృతిలోనే ఆ సమాచారం లేదని క్వాంటం సిద్ధాంతం అంటుంది. ఐన్‌స్టీన్‌కు ఇది చివరిదాకా మింగుడుపడలేదు. ఇక్కడ కూర్చుని చూస్తే ఆయన బాధ అర్థమవుతుంది. వందల కోట్ల ఏళ్లు కదలని కేంద్రకం, ఏ మార్పూ లేకుండా, ఏ కారణమూ లేకుండా, ఇదుగో ఇప్పుడు కదిలింది.

కదిలినప్పుడు ఆ న్యూట్రాన్ లోపల ఏమైందో చూద్దాం. 1964లో గెల్‌మన్, జ్వైగ్ విడివిడిగా ప్రతిపాదించిన నమూనా ప్రకారం న్యూట్రాన్‌లో రెండు డౌన్, ఒక అప్ క్వార్కులు. ప్రోటాన్‌లో రెండు అప్, ఒక డౌన్. ఒక డౌన్ క్వార్కు అప్‌గా మారింది, అంతే. మారుతూ డబ్ల్యూ బోసాన్ అనే దాని ద్వారా ఎలక్ట్రాన్‌నూ యాంటీన్యూట్రినోనూ పుట్టించింది. డబ్ల్యూ బరువు 8 వేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు; మన దగ్గర మిగులు చూస్తే 13 లక్షలే. అంత బరువైనది కాబట్టి దాని ప్రభావం ప్రోటాన్ వ్యాసార్థంలో మూడువందల్లో ఒక వంతు దూరం కూడా దాటదు. ఈ మార్పు జరిపించే బలహీన బలానికి ఆ పేరు రావడానికి కారణం ఈ బరువే.

ఇంకో విశేషం. బయటికొచ్చిన ఎలక్ట్రాన్లలో అధికభాగం ఎడమచేతివాటంవి. ప్రయాణించే దిక్కుకు వ్యతిరేకంగా వాటి స్పిన్ ఉంటుంది. ప్రకృతి కుడి ఎడమల మధ్య పక్షపాతం చూపుతుందని లీ, యాంగ్ 1956లో అనుమానించారు. మరుసటి జనవరికల్లా వూ బృందం కోబాల్ట్-60తో రుజువు చేసింది. దాన్ని సరైన గణితరూపంలో పెట్టినవాళ్లు రోచెస్టర్‌లో రాబర్ట్ మార్షాక్, ఆయన విద్యార్థి, కేరళ నుంచి వెళ్లిన జార్జి సుదర్శన్. 1957లోనే. అచ్చులో ముందు వచ్చింది ఫైన్‌మన్, గెల్‌మన్‌ల వ్యాసం. దీన్ని కనుక్కున్నవాళ్లు సుదర్శన్, మార్షాక్‌లేనని ఫైన్‌మనే తర్వాత ఒప్పుకున్నారు. నోబెల్ మాత్రం సుదర్శన్‌కు రాలేదు.

బయట కాటా సిద్ధమైంది. మొదటి టిక్కీ ఎత్తారు. ముల్లు నలభై దగ్గర ఆగింది. మీరు ఇంకా ప్రోటాన్ లోపలే ఉన్నారు కదా, ఈ నలభై కిలోలు ఎక్కడున్నాయో ఒకసారి వెతకండి. ప్రోటాన్ బరువు 93 కోట్ల 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. దాంట్లోని మూడు క్వార్కుల సొంత బరువు కలిపితే 90 లక్షలు, నూటికి ఒక వంతు. అంటే ఈ టిక్కీలో క్వార్కుల అసలు బరువు నాలుగు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూ. మిగతా 39 కిలోల పైచిలుకు ఆ క్వార్కుల పరుగులోనూ, వాటిని పట్టి ఉంచిన గ్లూవాన్ క్షేత్రంలోనూ ఉన్న శక్తి.

కుర్రాడు ఇదే మాట కాటా దగ్గర చెబితే ఆసామి గట్టిగా నవ్వాడు. "ఇంత తరుగు ఏ యార్డులోనూ తీయలేదురా అల్లుడూ! యాపారస్తుల చెవిన పడనీయమాక."

నవ్వుకున్నా, లెక్క పక్కా. దగ్గరైనకొద్దీ క్వార్కుల మధ్య బలం తగ్గుతుందని 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ కనుక్కున్నారు. దూరమైతే పెరుగుతుంది, అందుకే ఏ క్వార్కూ ఒంటరిగా బయటికి రాదు. బలం అంతగా పెరిగిన చోట కాగితం మీద సమీకరణాలు విడివడవు. 1974లో కెన్నెత్ విల్సన్ స్థలకాలాలను గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి దగ్గరా లెక్క కట్టే పద్ధతి చూపించారు. ఆ గళ్లు కంప్యూటర్ల చేతికి చిక్కడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. 2008లో ఒక యూరప్ బృందం క్వార్కుల బరువులూ, బలం తీవ్రతా సరిపుచ్చుకోవడానికి కొలిచిన విలువలు రెండు మూడు మాత్రం తీసుకుని, ప్రోటాన్ బరువును కొద్ది శాతం తేడాలో రాబట్టింది. అక్కడిదాకా 'ఇంత ఉంది' అని కొలిచిన సంఖ్యకు 'ఇందుకని ఇంత ఉంది' అనే జవాబు దొరికింది. ఇలా మూడు క్వార్కుల నుంచి నలభై కణాల పొటాషియం దాకా ఒకే లెక్కలో రావడం ఇంకా కాలేదు. మధ్యలో మెట్టు మెట్టుకూ వేరే నమూనా వాడుకోవాల్సిందే. క్వార్కులకు ఒకటి, ప్రోటాన్ల మధ్య బలానికి ఒకటి, అరలకు ఇంకొకటి. అతుకులు కనబడతాయి. కనబడడమే మంచిదని నేననుకుంటాను. ఎక్కడ పని మిగిలిందో తెలుస్తుంది.

ఒక అతుకు ఈ కల్లంలోనే ఉంది. ఇందాక ఘాటుకు దగ్గి, గుండెనిండా గాలి పీల్చారు. ఆ గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గాన్. ఇతర నక్షత్రాల్లో, సూర్యుడిలో ఇంత నిష్పత్తిలో ఆర్గాన్-40 లేదు. ఇక్కడ ఎందుకుంది? 1937లో జర్మన్ సిద్ధాంతవేత్త వైజ్‌సేకర్ ఒక మాట అన్నారు: పొటాషియం-40కి రెండో దారి కూడా ఉండాలి, తన సొంత ఎలక్ట్రాన్‌ను మింగి ఆర్గాన్‌గా మారే దారి, గాలిలోని ఆర్గాన్ అంతా రాళ్లలోని పొటాషియం నుంచి ఊరిందే. 1948లో ఆల్‌డ్రిచ్, నీర్ పొటాషియం ఖనిజాల్లో ఆ ఆర్గాన్‌ను పట్టుకున్నారు. మీ కాయలో పది విచ్ఛిన్నాల్లో ఒకటి అటే పోతుంది, పోతూ ఒక గామా కిరణం వదులుతుంది. రాళ్ల వయసు లెక్కగట్టే పొటాషియం-ఆర్గాన్ పద్ధతికి ఆధారం ఇదే.

ఆ దారికి మళ్లీ ఒక పాయ ఉంది. గామా కిరణం లేకుండా నేరుగా ఆర్గాన్ అడుగుస్థితికే పోవడం. ఇక్కడా కోణీయ ద్రవ్యవేగంలో తేడా నాలుగే, ఇదీ నిషిద్ధమే. జరుగుతుందా? ఎంత? సిద్ధాంతవేత్తలు తలా ఒక అంకె చెబుతూ వచ్చారు. కొందరు భూవైజ్ఞానికులు అసలు లేదన్నట్టే లెక్కలు కట్టారు. కేడీకే అనే బృందం అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ఓపిగ్గా లెక్కపెట్టి 2023లో ఫలితం ప్రకటించింది. వెయ్యి విచ్ఛిన్నాల్లో ఒకటి, ఇంచుమించుగా. తక్కువే గానీ సున్నా కాదు. అంతవరకూ వాడిన అంకెల్లో కొన్ని దీనికి రెట్టింపు ఉన్నాయి. అంటే అరల నమూనాలో ఇంత దూరపు నిషిద్ధ పరివర్తనలకు లెక్కగట్టే తీరు సవరించుకోవాలి. ఆ సవరణ ఒక్క పొటాషియంతో పోదు. న్యూట్రినోలు రాని జంట బీటా విచ్ఛిన్నం కోసం కాల్షియం-48లో వెతికేవాళ్లు వాడే కేంద్రక లెక్కల మీదా దాని ప్రభావం పడుతుంది.

ఒక్క టిక్కీ ఇవాళ సెకనుకు ఇరవై వేలకు పైగా విచ్ఛిన్నాలు చేస్తోంది. కేడీకే లెక్కన వాటిలో ఇరవై పై చిలుకు ఆ మూడో పాయలో పోతున్నాయి. బండి మీద ఇప్పటికి పద్దెనిమిది టిక్కీలు ఎక్కాయి, ఇంకా పన్నెండు ఉన్నాయి. కుర్రాడు కౌంటర్ జేబులో పెట్టుకుని తాడు అందుకున్నాడు. అవతలి వైపు నుంచి ముడి బిగించమని వాళ్ల మామయ్య కేకేస్తున్నాడు.